పెన్నలో దిగాం సరే, గట్టు ఎక్కేది ఎట్ట? (నా అనుభవం)

మొన్న సంక్రాంతికి మా బావ అమెరికా నుంచి వస్తా వస్తా బ్యాగులో గాలి పడవ తెచ్చాడు. చాక్లెట్లు, సెంటు సీసాలు, బాదం పప్పు ఇవన్నీ తగ్గించి మరీ తెచ్చాడు, మా అక్క అయితే జిప్పు తీసి చూసి రెండు రోజులు మాట్లాడలేదు. నలుగురు కూర్చునే సైజు, మడత పెడితే పెద్ద పరుపు చుట్టంత ఉంటది, రెండు అల్యూమినియం తెడ్లు, కాలితో తొక్కే పంపు, లైఫ్ జాకెట్లు మూడు, ఎర్ర తాడు ఒక చుట్ట. బావ పదేళ్ళుగా అక్కడ ఉండి వీకెండ్ అయితే చాలు రాఫ్టింగ్ అని ఏటి వెంట పడే రకం. "మన పెన్న పెట్టుకుని మీరు ఒక్కసారి కూడా పడవ మీద పోలేదా" అని దెప్పుతుంటే రోషం వచ్చి సరే పోదాం పద అన్నా. నాకు నెల్లూరులో చిన్న ప్రింటింగ్ షాపు, ఏట్లో ఈత కొట్టడం తప్ప పడవ గురించి సున్నా.

ప్లాన్ ఏందంటే సంగం బ్యారేజీకి బాగా కింద, ఇసక దిబ్బ మీద నుంచి దిగాలి, నిదానంగా నీళ్ళతో పాటు తూర్పుకి పోయి సాయంత్రానికి మా అమ్మమ్మ వాళ్ళ ఊరి రేవులో గట్టు ఎక్కాలి. ఆ ఊరు దక్షిణం గట్టున, పొదలకూరు రోడ్డు వైపు, పేరు రాయను లెండి, ఇంక ఊర్లో వాళ్ళు నన్ను ఎగతాళి చేసేది సరిపోతది. ఆ రేవు నాకు అరిచెయ్యంత బాగా తెలుసు అని నా ధీమా. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. రాతి మెట్లు, మెట్ల పక్కన బండ్లు దిగేదానికి సిమెంటు వాలు, వాలు చివర చాకిరేవు బండలు. ఎడ్ల బండి ఏకంగా నీళ్ళల్లోకి దిగేది, మేము దాని వెనక పట్టుకుని జారేవాళ్ళం. బావ ఒకటే అడిగాడు, "దిగేచోటు సరే, ఎక్కేచోటు చూసొచ్చావా?" అని. చూసేదేముంది బావా, నేను పుట్టినప్పటి నుంచి చూస్తుండా అన్నా. ఆఖరుసారి చూసింది 2019లో అమ్మమ్మ కర్మలప్పుడు. ఆ మాట మాత్రం చెప్పలా.

నీళ్ళు వదలడం గురించి మాత్రం ముందు రోజే కనుక్కున్నా, గేట్లు ఎత్తితే మన పని అయిపోద్ది గదా. రెండు రోజులు పెద్దగా వదిలేది లేదు అన్నారు. మేనల్లుడు ఇంటర్ చదువుతుండాడు, వాడు కూడా వస్తానన్నాడు. అక్క పులిహోర, అరిసెలు కట్టిచ్చింది (అప్పటికి మాటలు కలిశాయి).

పొద్దున ఎనిమిదిన్నరకి దిగాం. ఆ మొదటి మూడు గంటలు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగుంది అంతే. జనవరిలో పెన్న అంటే సగం ఇసక సగం నీళ్ళు, పాయలు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తది, ఏ పాయలో పోవాలో తెలియక రెండు చోట్ల ఇసకలో కూరుకుపోయి దిగి లాక్కున్నాం. మోకాలి లోతే. మేనల్లుడు రీల్స్ తీసుకుంటా ఉండాడు.

దారిలో బావ వాళ్ళ ట్రిప్ గురించి చెప్తా వచ్చాడు, అది నాకు సాయంత్రం దాకా అర్థం కాలేదు. యూటా రాష్ట్రంలో క్యాటరాక్ట్ క్యానియన్ అని కొలరాడో నది మీద ఉండాది, గ్రీన్ నది వచ్చి కలిసిన తర్వాత మొదలవుద్ది, బిగ్ డ్రాప్స్ అని నీళ్ళు రాళ్ళ మీద నుంచి ఉరికే మూడు పెద్ద ఉరవళ్ళ వరస ఉంటది, పడవ తిరగబడి మనుషులు నీళ్ళల్లో పడేది అక్కడే. బావ అంటాడు, "అది దాటినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు, చివర్లో పడవ గట్టెక్కించేటప్పుడు ఏడుపొచ్చింది" అని. నేను నవ్వా.

అక్కడి సంగతి ఏందంటే కింద గ్లెన్ క్యానియన్ డ్యామ్ ఉండాది, 1963లో నీళ్ళు పట్టడం మొదలుపెట్టారు, దాని రిజర్వాయరే లేక్ పావెల్. నిండితే 3700 అడుగుల మట్టం. నిండుగా ఉన్న రోజుల్లో పడవలు నేరుగా హైట్ అనే చోట సిమెంటు ర్యాంపు దగ్గరికి వచ్చి ట్రైలర్ మీద ఎక్కేవి. 2000 తర్వాత కరువు పట్టుకుంది, రిజర్వాయరు దిగిపోయింది, ర్యాంపు గాలిలో మిగిలిపోయింది. 2023లో అయితే మట్టం 3520 దరిదాపుల్లోకి వచ్చింది అంటే నూట ఎనభై అడుగులు కిందికి అన్నమాట! నిండుగా ఉన్నప్పుడు నది తెచ్చి పోసిన ఒండ్రు అంతా రెండు పక్కలా కొండల్లాగా మిగిలిపోయింది, దాంట్లో నది మళ్ళీ కోసుకుంటా పోతుండాది. ఆ డ్యామ్ కట్టించిన శాఖకి కమిషనర్‌గా చేసిన ఫ్లాయిడ్ డొమినీ అనే ఆయన పేరు మీద ఆ బురద గుట్టల్ని 'డొమినీ ఫార్మేషన్' అని ఎగతాళిగా పిలుస్తారంట. మన వాళ్ళు కూడా ఇట్టాంటి పేర్లు పెట్టడంలో తక్కువ కాదు గానీ రాసుకోరు.

హైట్ పోయాక రాఫ్టుల వాళ్ళందరూ నార్త్ వాష్ అనే చోట ఎక్కడం మొదలుపెట్టారంట. ర్యాంపు అని పేరే, గట్టు చెక్కి చేసిన నిటారు మట్టి దారి. ఏటికేడు నది దాన్ని కింద నుంచి తింటా ఉంటది. అదే నది మీద ఇంకా కింద ఉండే గ్రాండ్ క్యానియన్ చివర కూడా ఇట్టాంటి కథే ఇంకోటి చెప్పాడు, డైమండ్ క్రీక్ అని 226వ మైలు దగ్గర ఎక్కకపోతే మళ్ళీ పియర్స్ ఫెర్రీ, అది 280వ మైలు. మధ్యలో బండి వచ్చే దారి లేదు. ఆ పియర్స్ ఫెర్రీకి కాస్త కిందనే నది పాత దోవ వదిలేసి రాతి గట్టు మీదుగా కొత్త దోవ పట్టి పెద్ద ఉరవడి పుట్టింది, ఎక్కేచోటు తప్పిపోతే నేరుగా దాంట్లోకే. "అందుకే మాకు మొదటి రూలు, ఎక్కేచోటు చూడకుండా దిగకూడదు" అన్నాడు. ఆ మాట అంటా నా వైపు చూశాడు. నేను అరిసె తింటున్నా.

మధ్యాహ్నం దాటినాక నది లోతు తేలింది. పాయలన్నీ ఒక్కటై దక్షిణం గట్టుని ఒరుసుకుంటా పోతుండాది, ఆకుపచ్చ నీళ్ళు, అడుగు కనపడటంలా. గట్టు పెరుగుతా వచ్చింది. ముందు నడుము ఎత్తు, తర్వాత మనిషెత్తు, ఇంకో వంపు తిరిగేసరికి ఒకటిన్నర మనిషి. చిన్నప్పుడు ఇక్కడ గట్టు అంటూ ఉండేది కాదు, ఇసక మీద నడుచుకుంటా నీళ్ళ దాకా పోయేవాళ్ళం. నాకు లోపల ఏదో తేడా కొడతా ఉండాది గానీ బయటికి అనలా. అయిదింపావుకి దూరంగా రావి చెట్టు కనపడింది. "అదే బావా, అదే మా రేవు!" అని లేచి నిలబడ్డా, పడవ ఊగితే మళ్ళీ కూర్చున్నా.

దగ్గరికి పోయి చూస్తే రేవు ఉండాది. ఉండాది గానీ ఆకాశంలో ఉండాది.

మెట్లు పైన తొమ్మిదో పదో ఉన్నాయి, చివరి మెట్టు కింద ఏమీ లేదు. అక్కడి నుంచి నీళ్ళకి తక్కువలో తక్కువ పది అడుగులు. బండ్లు దిగే సిమెంటు వాలు రెండు ముక్కలై ఒక ముక్క ఏట్లో పడి ఉండాది, తుప్పు పట్టిన కడ్డీలు బయటికి పొడుచుకుని. చాకిరేవు బండలు కనపళ్ళేదు. గట్టు మొహం కత్తితో కోసిన కేకులాగా ఉంది. పైన జానెడు నల్లమట్టి, గడ్డి వేర్లు, దాని కింద మూరెడు బూడిద రంగు ఒండ్రు, కింద అంతా పొడి ఇసక, మళ్ళీ సన్నగా ఒక బంక మట్టి పొర, ఇంకా కింద తడి ఇసక, దాంట్లో నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా కారతా ఉన్నాయి. పొడి ఇసక పొరలో గుండ్రంగా బొక్కలు, ఒకదాంట్లో నుంచి లకుముకి పిట్ట సర్రున బయటికి వచ్చింది. దానికి మాత్రం ఈ గట్టు బాగా నచ్చినట్టుంది.

ఇట్ట ఎందుకైందో తర్వాత ఊర్లో వాళ్ళు చెప్పింది, నాకు తెలిసింది కలిపి చెప్తా. 2021 నవంబరు వరద గుర్తుంది గదా, పైన కడప జిల్లాలో, పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగిపోయింది, సోమశిల నుంచి లక్షల క్యూసెక్కులు వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, హైవే కూడా కొట్టుకుపోయి చెన్నై దారి ఆగిపోయింది. అందరూ ఆ వరదే రేవుని ఎత్తుకుపోయింది అనుకుంటారు. కాదంట. వరద తీసేటప్పుడు విరిగిందంట. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు గట్టు నీళ్ళు తాగి ఉబ్బుద్ది, నది దాన్ని ఆనుకుని నిలబెట్టి ఉంటది, ఏట్లో నీళ్ళు గబగబా దిగిపోతే గట్టులో నీళ్ళు అంత తొందరగా దిగవు, ఇంక ఆ బరువుకి ఆసరా లేక పెళ్ళలు పెళ్ళలుగా కూలిపోద్ది. దానికి ముందు నుంచే ఇంకో రోగం ఉండాది. సోమశిల 78 టీఎంసీల డ్యామ్, పైనుంచి వచ్చే ఇసకంతా అక్కడే ఆగిపోద్ది, కిందికి వచ్చేవి ఉత్త నీళ్ళు, ఆ నీళ్ళు వాటికి కావాల్సిన ఇసక ఇక్కడి అడుగులో నుంచి లాక్కుంటాయి. మిగిలింది మనం మిషన్లు పెట్టి తోడుకుంటాం. అడుగు దిగిపోతే మెట్లు పొడుగు పెరగవు గదా. అమెరికాలో రిజర్వాయరు దిగి ర్యాంపు పైన మిగిలిపోయింది, మా ఊర్లో నదే దిగిపోయి రేవు పైన మిగిలింది. బాగు చెయ్యమని అర్జీలు పెట్టారంట, ఒక ఆఫీసు వాళ్ళు ఇది మాది కాదు అంటే ఇంకో ఆఫీసు వాళ్ళు ఇది రేవే కాదు అన్నారంట. ఇప్పుడు వినాయకుడి నిమజ్జనానికి కూడా పక్క ఊరికి పోతుండారు.

సరే మా కథకి వస్తా. టైము అయిదున్నర, ఆరింటికల్లా పొద్దు కూకుద్ది. ముందు మేనల్లుడు హీరో లెక్క గట్టు ఎక్కబోయాడు, రెండు అడుగులు వేశాడు, చేతికి పట్టిన వేరు చేతిలోకే వచ్చింది, జారి నడుము దాకా బురదలో దిగబడ్డాడు. వాడిని లాగేసరికి ఒక చెప్పు లోపలే ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంటది. బావ విరిగిన సిమెంటు ముక్క మీద నుంచి కడ్డీలు పట్టుకుని ఎట్టనో పైకి చేరాడు. చేరి ఎర్ర తాడు, రెండు కప్పీలు తీశాడు. వాళ్ళు జెడ్ డ్రాగ్ అంటారంట, తాడుని మడతలేసి కప్పీల్లో నుంచి లాగితే ఒక మనిషి లాగినా ముగ్గురు లాగినంత బలం వస్తది. తాడు కట్టేదానికి గట్టున సర్కారు తుమ్మ ఒకటి ఉండాది, దానికి కట్టాడు. నేను కింద పడవలో సామాను కట్టేసి ముక్కుకి తాడు ముడేశా. "లాగుతుండా" అన్నాడు. పడవ ముక్కు లేచింది, ఇంకొంచెం లేచింది, నాకు బలే సంతోషం వేసింది.

టప్ మని ఒక చప్పుడు. పెద్దదేం కాదు, కొబ్బరికాయ పగిలినట్టు. బావ కాళ్ళ ముందు నేల మీద సన్నగా నెర్రె పడింది, గట్టు వెంబడే పొడుగ్గా, తుమ్మ చెట్టు వెనక నుంచి. అంటే చెట్టు కూడా ఊడిపోయే పెళ్ళ మీదే ఉండాది. బావ తాడు వదిలేసి వెనక్కి దూకాడు, నేను పడవని కాలితో తన్ని పక్కకి నెట్టా, చెట్టుతో సహా మంచమంత పెళ్ళ దబ్బున నీళ్ళల్లో పడింది. అల వచ్చి పడవని తలకిందులు చెయ్యబోయి వదిలేసింది. మేము ఇద్దరం నిలువునా తడిశాం, నా ఫోను కూడా. మనుషులకి ఏం కాలేదు, అది చాలు. మేనల్లుడు రీల్స్ గురించి మళ్ళీ ఎత్తలేదు ఆ రోజు.

ఆ చప్పుడికి పైనుంచి ఒక పెద్దాయన టార్చి లైటు వేసుకుని వచ్చాడు, భుజాన వల, చేతిలో కర్ర. లైటు మా మొహాన కొట్టి, "ఎవుర్రా అది? పిచ్చి గానీ పట్టిందా, ఆ గట్టు కింద యాడైనా నిలబడతారా?" అని తిట్టడం మొదలుపెట్టాడు. నేను ఫలానా వాళ్ళ మనవడిని అన్నా. అమ్మమ్మ పేరు చెప్పినాక తిట్లు ఆగలేదు గానీ మెత్తబడ్డాయి. "మీ తాత అయితే ముందు గొడ్లని చూసేవాడు అబ్బయ్యా" అన్నాడు.

నాకు అర్థం కాలా. ఆయన చెప్పింది ఏందంటే, రేవు పోయినాక ఊర్లో మనుషులు ఏటికి రావడం మానేశారు గానీ బర్రెలు మానలేదు. వాటికి నీళ్ళు కావాల. అవి రోజూ తిరిగి తిరిగి గట్టు యాడ మెత్తగా వాలుందో చూసుకుని, అక్కడే దిగి, అక్కడే ఎక్కి, డెక్కలతో తొక్కి తొక్కి వాటి రేవు అవే చేసుకున్నాయి. "అర కిలోమీటరు పైకి ఉండాది గొడ్ల దోవ, మీరు దాని ముందు నుంచే వచ్చుంటారే, కనపళ్ళేదా?" అన్నాడు. కనపడింది. బర్రెలు ఎక్కుతా ఉంటే మేనల్లుడు వీడియో కూడా తీశాడు.

నీటికి ఎదురు తెడ్డు వెయ్యడం మా వల్ల కాదు, మేము లాగిన దానికన్నా నది ఎక్కువ వెనక్కి నెడతా ఉండాది. పెద్దాయన ఎర్ర తాడు తీసుకుని ఎదర, ఆయన వెనక బావ, గట్టుకి పది అడుగులు ఎడంగా నడవమని ముందే చెప్పాడు, అంచు మీద కాలు పెట్టొద్దు, నెర్రె కనపడితే దాని అవతల నుంచి నడవమన్నాడు. నేను, మేనల్లుడు నీళ్ళల్లో పడవ వెనక పట్టుకుని తోస్తా. లోతు చోట ఎక్కి కూర్చోవడం, తేలిన చోట దిగి తొయ్యడం. గట్టు విరిగి పడిన చెట్ల కొమ్మలు నీళ్ళల్లో ఉంటాయి, వాటికి తాడు తగులుకుంటే విప్పుకోవడం. ఆ అర కిలోమీటరుకి గంటంపావు పట్టింది. చీకటి, చలి, పైన నుంచి పెద్దాయన గొంతు, "ఎడమకి, ఎడమకి, ఇంకా ఎడమకి సామీ!"

గొడ్ల దోవ చూస్తే ఇంతేనా అనిపించింది. రెండు మంచాల వెడల్పు, తిన్నగా కాకుండా ఓరగా ఎక్కుద్ది, అదే దాని తెలివి, మన సిమెంటు వాలులాగా నదికి ఎదురుగా నిలబడలా. కింద మోకాలి లోతు బురద, పేడ వాసన. పెద్దాయన ఊర్లోకి కేకేస్తే ఇద్దరు కుర్రాళ్ళు రెండు మోపులు వరిగడ్డి, నాలుగు తాటి మట్టలు తెచ్చారు. గడ్డి పరిచి దాని మీద మట్టలు అడ్డంగా వేశారు. బావ ఈసారి సామాను మొత్తం ముందు దించాడు, పడవలో చేరిన నీళ్ళు వొంచేశాడు (బరువంతా అదే, నాకు తట్టనే లేదు), గాలి సగం తీసేశాడు, మెత్తబడినాక మట్టల మీద జారుకుంటా వచ్చేసింది. లెక్కపెట్టుకుని పది నిమిషాలు. జెడ్ డ్రాగ్ లేదు ఏం లేదు.

పైన ట్రాక్టరు ట్రక్కులో పడవ వేసుకుని ఊర్లోకి పోయాం. పెద్దాయనకి డబ్బులు ఇవ్వబోతే తీసుకోలా, లైఫ్ జాకెట్ వైపు చూసి "ఇది ఎంత ఉంటదబ్బయ్యా" అని అడిగాడు. బావ మూడింట్లో ఒకటి ఇచ్చేశాడు. ఆయన అక్కడే వేసుకుని బకిల్ పెట్టుకుని వల భుజాన వేసుకుని పోయాడు.

ఎవరైనా ఇట్ట పోదామనుకుంటే బావ చెప్పిందే నేను చెప్తా, ముందు రోజు బండి మీద పోయి ఎక్కేచోటు కళ్ళారా చూసి రండి, శాటిలైట్ ఫోటో నమ్మొద్దు, దాంట్లో మా రేవు ఇప్పటికీ బ్రహ్మాండంగా కనపడతా ఉండాది. అక్కడ పని జరగకపోతే దాని కింద ఇంకోటి కూడా చూసి పెట్టుకోండి, పైన కాదు కింద, ఎందుకంటే దాటిపోయినాక వెనక్కి రావడం ఎట్ట ఉంటదో చెప్పా గదా. గట్టెక్కేసరికి కనీసం రెండు గంటల వెలుతురు మిగలాలి. ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, రిపేరు షాపు వాడు బియ్యంలో పెట్టారా అని అడిగాడు, పెట్టాం, ఏం లాభం లేదు.

పడవని మిద్దె మీద మూడు రోజులు ఆరబెట్టాం. మడత పెట్టేముందు తిరగేసి దులిపితే మూలల్లో నుంచి ఇసక రాలతానే ఉంది, చేటెడు వచ్చింది. బావ చిమ్మి పారేయబోతే అమ్మ అరిచింది, "ఆగు ఆగు, ట్రాక్టరు ఇసక ఎంతుందో తెలుసా ఇప్పుడు?" అని దాన్ని ఎత్తి మల్లె చెట్టు కుండీలో పోసింది.